రాతి మీద పేరు

మహారాష్ట్రలో వాఘోరా నది గుర్రపు లాడం వలె వంపు తిరిగే లోయలో అజంతా గుహలు ఉన్నాయి. ఇంచుమించు ముప్పై గుహలున్న ఆ కొండవరుసలో పదవ గుహ మిక్కిలి ప్రాచీనమైన వాటిలో ఒకటి. క్రీస్తుకు పూర్వమే రాతిని తొలిచి మలచిన చైత్యగృహమది. ఆ ఒక్క గుహలోనే ఇద్దరు మనుషుల పేర్లు నేటికీ చదువుకోవడానికి వీలుగా నిలిచి ఉన్నాయి. ఇద్దరూ రాజులు కారు. ఇద్దరి జీవితచరిత్రలూ లోకానికి పెద్దగా తెలియవు. అయినా ఆ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తనది కాని వస్తువు పట్ల మనిషి నడవడి ఎన్ని విధాలుగా ఉండగలదో బోధపడుతుంది.

మొదటి పేరు వాసిష్ఠీపుత్ర కటహాది. గుహాముఖంపై బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కిన శాసనంలో అది కనిపిస్తుంది. శాసనం చాలా చిన్నది. ఆ గుహ ముఖభాగాన్ని కటహాది దానంగా ఇచ్చాడన్నదే దాని సారాంశం. బిరుదులు లేవు, వంశవర్ణన లేదు. ఇచ్చినవాడి పేరు, ఇచ్చిన వస్తువు, ఇచ్చాడన్న మాట. అంతే.

రెండవ పేరు జాన్ స్మిత్. ఈయన మద్రాసు సైన్యంలో పనిచేసిన ఆంగ్లేయ అధికారి. 1819 ఏప్రిల్ 28న వేటకు వెళ్ళి, చెట్టుచేమలతో కప్పబడిన ఈ గుహను చూశాడు. స్థానికులకు ఆ గుహలు అంతకు ముందే తెలుసు. అయినా బయటి ప్రపంచానికి అజంతా తెలిసింది ఆనాటి నుండేనని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. గుహలోనికి వెళ్ళిన స్మిత్ చేసిన పని ఏమిటి? స్తంభం మీద ఉన్న బౌద్ధ వర్ణచిత్రంపై తన పేరును, తేదీని గీకాడు. శతాబ్దాలుగా పేరుకున్న మట్టి దిబ్బపై నిలబడి గీకినందువల్ల, ఆ మట్టిని తొలగించిన తరువాత ఆ రాత నేటి సందర్శకుని తలకంటె ఎత్తున కనిపిస్తుంది. అజంతాను లోకానికి చూపినవాడే దాని మీద గీత గీసిన తొలి ఆధునికుడు కావడం విచిత్రం.

రెండూ పేర్లే. రెండూ గుహపై ఉన్నవే. మరి ఒకదానిని శాసనమని, మరొకదానిని గోడరాత అని ఎందుకంటున్నారు? ఒకటి పాతది, మరొకటి కొత్తది కావడం చేత కాదు. ఒకటి అందమైన లిపిలో, మరొకటి వంకర అక్షరాలలో ఉండడం చేతా కాదు. కటహాది తన ధనాన్ని వెచ్చించి, ఇచ్చిన దానిపై పేరు వేయించుకున్నాడు. స్మిత్ ఏమీ ఇవ్వకుండానే, ఎవరినీ అడగకుండానే, పరుల సృష్టిపై తన పేరు నిలుపుకున్నాడు. తెలుగువారు దీనికి ఏనాడో ఒక సామెత కట్టారు: సొమ్మొకడిది, సోకొకడిది.

పేరు నిలుపుకోవాలనే కోరిక హీనమైనది కాదు. అమరావతి స్తూపపు శిలాఫలకాలను చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. కృష్ణాతీరాన వెలసిన ఆ మహాస్తూపానికి రాతిపలకలు సమర్పించినవారిలో వర్తకులు ఉన్నారు, భిక్షువులు, భిక్షుణులు ఉన్నారు, గృహిణులు ఉన్నారు. విధికుడనే చర్మకారుడు పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని సమర్పించి, తన పేరుతో పాటు కుటుంబంలోని వారందరినీ అందులో స్మరించాడు. తోలుపని చేసి బ్రతికే ఒక సామాన్యుని పేరు దాదాపు రెండు వేల సంవత్సరాలు నిలిచిందంటే, అది దొంగచాటుగా గీకినందువల్ల కాదు. ఆ రాయి అతని కానుక. దానిపై పేరు వేయించుకునే హక్కు అతనికి ఆ కానుకతోనే వచ్చింది.

గోడరాతకు పాశ్చాత్యులు వాడే గ్రాఫిటీ అనే మాట ఇటాలియన్ భాష నుండి వచ్చింది. గీకుడు అని దాని మూలార్థం. చారిత్రక కట్టడాల విషయంలో ఈ అర్థం అక్షరాలా నిజం. గోలకొండ కోటలోనైనా, చార్మినార్ లోపలి మెట్లదారిలోనైనా సందర్శకులు గీకిన పేర్లు కోకొల్లలు. ప్రేమికుల పేర్లు, ఊళ్ళ పేర్లు, బాణం గుచ్చిన హృదయపు బొమ్మలు, పరీక్ష సంఖ్యలు కూడా కనిపిస్తాయి. గీకినవారికి అదొక నిమిషం పని. కట్టడానికి అది మానని గాయం. ఎందుకో తెలుసుకోవాలంటే గోడ ఎట్లా తయారైందో తెలియాలి.

1591లో కట్టిన చార్మినార్ రాతికట్టడమే అయినా, దాని సోయగమంతా డంగుసున్నపు గచ్చు పనిలో ఉంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమంగా గట్టిపడి మళ్ళీ సున్నపురాయిగా మారుతుంది. పైపొర ముందుగా గట్టిపడి లోపలి భాగానికి చర్మం వలె రక్షణనిస్తుంది. తాళపు చెవితోనో, మేకుతోనో గీకినప్పుడు తెగేది ఆ చర్మమే. తెగినచోట తేమ దిగుతుంది, లవణాలు పైకి తేలుతాయి, గచ్చు పొరలుగా రాలుతుంది. కొన్నేళ్ళకు గీసిన పేరుతో పాటు గోడ కూడా పోతుంది.

అజంతా చిత్రాల స్థితి ఇంకా సున్నితం. అక్కడ రాతిగోడపై నేరుగా రంగు వేయలేదు. వరి ఊక, నారపీచు వంటివి కలిపిన మట్టిపూతను మెత్తి, దానిపై పలుచని సున్నపు పూత పూసి, ఆపై చిత్రాలు రచించారు. రంగు మందం గోటిపై పొరకంటె పలుచన. గోరు తగిలినా అది లేచిపోతుంది. అజంతా ఆనాడు హైదరాబాదు సంస్థానంలో భాగం. 1914లో ఏర్పడిన సంస్థాన పురావస్తు శాఖ, గులాం యజ్దానీ సారథ్యంలో, ఈ చిత్రాల రక్షణకు పూనుకొన్నది. 1920లో ఇటలీ నుండి లొరెంజో చెక్కోని అనే నిపుణుని, ఆయన సహాయకుని రప్పించి, రాలిపోతున్న పూతలను గోడకు అంటిపెట్టే పని చేయించింది. ఆ కాలంలో మేలు కోరి పూసిన లక్క వార్నిషు కూడా కాలక్రమాన ముదురురంగుకు తిరగడంతో, దానిని మెల్లమెల్లగా తొలగించడానికి తరువాతి నిపుణులు ఎంతో శ్రమించవలసి వచ్చింది. శాస్త్రం తెలిసి, ప్రేమతో తాకిన చేతులకే ఇంత జాగ్రత్త చాలకపోతే, ఊసుపోక తాకే చేతుల మాట వేరుగా చెప్పాలా?

గీకినదానిని చెరిపివేయవచ్చు కదా అని కొందరంటారు. రాతిపై గీతను తొలగించాలంటే దాని చుట్టూ ఉన్న రాతిని కూడా అంతే లోతుకు అరగదీయాలి. అప్పుడు పోయేది ఒక గీత కాదు, ఉలి తాకిన ఆనవాలు, కాలం తెచ్చిన వన్నె కూడా పోతాయి. చిత్రాల విషయంలో, లేచిపోయిన భాగాన్ని తిరిగి చిత్రించి పాతదిగా నమ్మించడం సంరక్షణ ధర్మానికి విరుద్ధం. అందుచేత ఆ ఖాళీ ఖాళీగానే మిగిలిపోతుంది.

న్యాయశాస్త్రం ఈ విషయాన్ని దొంగతనానికి భిన్నమైన మరొక నేరంగా చూస్తుంది. దొంగతనంలో వస్తువు యజమాని చేతి నుండి పోతుంది. ఇక్కడ వస్తువు ఉన్నచోటనే ఉంటుంది, దాని విలువో ఉపయోగమో తగ్గిపోతుంది. నష్టం కలిగించాలనే ఉద్దేశంతో, లేదా నష్టం కలుగుతుందని తెలిసి, ఆస్తిని ఆ విధంగా మార్చడాన్ని భారత శిక్షాస్మృతి 425వ సెక్షను నేరంగా నిర్వచించింది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నిర్వచనం 324వ సెక్షనులో చేరింది. ఇందులో గమనించదగిన సూక్ష్మం ఒకటి ఉంది. తీసుకుపోకపోయినా నష్టమే. ఒక వస్తువు ఎట్లా ఉండాలో నిర్ణయించే అధికారం దాని యజమానిది. అడగకుండా గీత గీసినవాడు వస్తువును విడిచిపెట్టి ఆ నిర్ణయాధికారాన్ని అపహరిస్తాడు.

చారిత్రక కట్టడాల మాట అటుంచి, వీధిలోని ఇంటి గోడను చూసినా ఇది తెలుస్తుంది. సంక్రాంతి ముంగిట ఇల్లాలు ఇల్లంతా అలికి, గోడలకు సున్నం వేయించి, అరుగు అంచున ఎర్రమన్ను పట్టెలు తీర్చుకుంటుంది. తెల్లవారి లేచి చూస్తే గోడ నిండా ఎవరి సభకో ఆహ్వానం, ఎవరి గుర్తుకో ఓటు, లేదా ఏ మొలల వైద్యుని చిరునామానో ఉంటుంది. ఆ ఇంటివారు ఆ పార్టీకి చెందినవారు కాకపోవచ్చు. వారి గోడ వారికి తెలియకుండానే వారు చెప్పని మాటను ఊరికి చెబుతూ ఉంటుంది. సున్నం ఖర్చు చిన్నది. తన ఇంటి నోట పరుల మాట పలికించడం చిన్నది కాదు. "ఇచ్చట ప్రకటనలు అంటించరాదు" అని రాయించుకోవలసిన దుస్థితి ఏమిటంటే, గోడను కాపాడుకోవడానికి యజమాని స్వయంగా దానిని పాడుచేసుకోవాలి.

ఎన్నికల సంఘం రూపొందించిన ప్రవర్తనా నియమావళిలో ఇందుకు సంబంధించిన స్పష్టమైన నియమం ఉంది. ఎవరి స్థలం మీదనైనా, భవనం మీదనైనా, ప్రహరీ గోడ మీదనైనా యజమాని అనుమతి లేకుండా జెండాలు కట్టరాదు, ప్రకటనలు అంటించరాదు, నినాదాలు రాయరాదు. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న కాలంలో, అనగా 1990 నుండి 1996 వరకు, ఈ నియమావళి గట్టిగా అమలు కావడంతో ఎన్నికల గోడరాతలు బాగా తగ్గాయి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ ప్రదేశాల రూపును చెడగొట్టడాన్ని, అసభ్యమైన పోస్టర్లను అరికట్టడానికి ప్రత్యేకంగా ఒక చట్టం కూడా వచ్చింది. అయినా సినిమా పోస్టరు పక్కన కోచింగు సెంటరు పోస్టరు, దానిపై మరో పోస్టరు పొరలు పొరలుగా పెరుగుతూనే ఉన్నాయి.

సొంత ఇంటి గోడకు కనీసం కోపగించుకునే యజమాని ఉంటాడు. బస్సు సీటుకు, కళాశాల బల్లకు, రైలు పెట్టె గోడకు ఎవరున్నారు? "సర్కారు సొమ్మే కదా" అన్న మాటలో ఈ ప్రశ్నకు చాలామంది చెప్పుకునే సమాధానం ఉంది. అందరిదీ అయినది ఎవరిదీ కాదన్న భ్రమ అది. గ్రంథాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్నును వసూలు చేస్తాయి. రేకుల ఇల్లు ఉన్న కూలీ కట్టిన పన్నులో కొంత భాగం ఊరి గ్రంథాలయంలో పుస్తకమై కూర్చుంటుంది. పోటీ పరీక్షకు చదివే విద్యార్థి ఆ పుస్తకంలో నుండి తనకు కావలసిన నాలుగు పుటలను బ్లేడుతో కోసుకొని పోయినప్పుడు, అతడు నష్టపరచింది సర్కారును కాదు. ఆ పన్ను కట్టినవాని కుమారుడు మరునాడు అదే పుస్తకం తెరిచి, 112వ పుట తరువాత 117వ పుటను చూస్తాడు.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను పేర్కొంది. మన సమష్టి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం, ప్రజల ఆస్తిని పరిరక్షించడం వాటిలో ఉన్నాయి. విధులు అతిక్రమించినవారిని ఆ అధికరణమే నేరుగా శిక్షించదు. శిక్ష విధించేది ఇతర చట్టాలు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి హాని చేసినా, దాని రూపు చెడగొట్టినా మొదట మూడు నెలల జైలు లేదా అయిదు వేల రూపాయల జరిమానా ఉండేది. 2010 సవరణతో అది రెండు సంవత్సరాల జైలుకు, లక్ష రూపాయల జరిమానాకు పెరిగింది.

శిక్ష పెంచితే సమస్య తీరుతుందా అన్నది వేరే ప్రశ్న. శ్రీలంకలోని సిగిరియా కొండకోట ఈ ప్రశ్నను పదునుగా మన ముందు నిలుపుతుంది. ఆ కొండపై అద్దంలా మెరిసేట్లు నునుపు చేసిన ఒక గోడ ఉంది. వెయ్యేళ్ళకు పూర్వం అక్కడికి వచ్చిన యాత్రికులు, కొండచరియపై ఉన్న అందగత్తెల చిత్రాలను చూసి ముగ్ధులై, ఆ గోడపై సింహళ భాషలో పద్యాలు గీశారు. సేనరత్ పరణవితాన అనే పండితుడు ఏళ్ళ తరబడి వాటిని చదివి, 685 రాతలను 1956లో గ్రంథంగా ప్రకటించాడు. సింహళ భాషాచరిత్రకు నేడవి అమూల్యమైన ఆధారాలు. ఇటలీలో క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపే నగరపు గోడరాతలు కూడా అటువంటివే. ఆనాటి దుకాణదారుల లెక్కలు, ఎన్నికల ప్రచారాలు, పడుచువారి ప్రేమలు వాటివల్లనే తెలుస్తున్నాయి.

అయితే నేటి గోడరాతలూ రేపటి చరిత్రే కదా? ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయడానికి లేదు. పత్రికలో చోటు దొరకని పేదవాని మాట, నిరసనకారుని మాట అనేకసార్లు గోడ మీదనే మొదట కనిపించింది. కాని సిగిరియా గోడను చరిత్రకారుడు ప్రేమించడం వేరు, ఆ గోడపై మరొక గీత గీయడానికి అనుమతి ఉందనుకోవడం వేరు. ఇంకొక పేరు చేరిన ప్రతిసారీ పాత పద్యంలో ఒక అక్షరం పోతుంది. పాతరాతను గౌరవించేవాడు కొత్తగా గీయలేడు.

2015 ఫిబ్రవరిలో ఆ అద్దపు గోడపై తన పేరు గీసిన ఒక యువతికి శ్రీలంక న్యాయస్థానం రెండు సంవత్సరాల జైలుశిక్ష విధించింది. ఆమె పేద కుటుంబానికి చెందినది. గీసినందుకు ఇంత శిక్ష ఉంటుందని ఆమె ఊహించి ఉండదు. ఆమెపై జాలిపడినవారు విజ్ఞాపనలు పంపారు. దేశాధ్యక్షుడు అదే సంవత్సరం క్షమాభిక్ష ప్రసాదించాడు. ఆ క్షమ సముచితమైనదనే చెప్పాలి. గోడకు జరిగిన నష్టం నిజమైనదే. కాని ఒక మనిషి యౌవనంలో రెండేళ్ళు కూడా తిరిగి రానివే. జైలుకు బదులు కొన్ని నెలలు ఆ కొండ మీదనే సందర్శకులకు గోడ కథ చెప్పే పని అప్పగించి ఉంటే, గోడకూ ఆమెకూ కూడా మేలు జరిగేదేమో!

అటువంటి ఆలోచన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఆచరణకు వచ్చింది. ఆ నగరపు గోడలు, వంతెనలు రంగుడబ్బాలతో రాసిన పేర్లతో నిండిపోయినప్పుడు, 1984లో నగరపాలకులు ఒక పథకం మొదలుపెట్టారు. గోడలు పాడుచేసిన యువకులను జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి చేరదీసి, వారి చేతనే గోడలపై పెద్ద చిత్రాలు వేయించింది. ఆ పథకం క్రమంగా విస్తరించి నగరమంతటా వేలాది కుడ్యచిత్రాలకు కారణమైంది. చేతిలోని రంగు అదే, గోడ అదే. మధ్యలో అడగడం అనే చిన్న పని చేరింది.

హైదరాబాదులో 2016లో నెక్లెస్ రోడ్డు సమీపంలోని ఎం.ఎస్. మక్తా బస్తీలో ఇటువంటి ప్రయత్నమే జరిగింది. ఇరుకు సందులలోని ఇళ్ళ గోడలపై దేశవిదేశాల చిత్రకారులు బొమ్మలు వేశారు. ఇటువంటి పనిలో చిత్రకారుడు ముందుగా చేయవలసింది రంగు కలపడం కాదు, తలుపు తట్టడం. ఇంటివారు సరేననాలి. కిటికీ ఎక్కడ తెరుచుకుంటుందో, వానకు గోడ ఏ మూల నానుతుందో వారే చెప్పాలి. ఏ బొమ్మను తమ ఇంటి గోడపై రోజూ చూడగలరో, దేనిని చూడలేరో కూడా వారే చెప్పాలి. కొందరు వద్దనవచ్చు. అప్పుడు చిత్రకారుడు నిచ్చెన భుజాన వేసుకొని పక్క ఇంటికి వెళతాడు.

ఆలోచించి రాయండి

1. కటహాది పేరుకూ, జాన్ స్మిత్ రాతకూ గల భేదాన్ని మీ మాటలలో వివరించండి.
2. "అడగకుండా గీత గీసినవాడు నిర్ణయాధికారాన్ని అపహరిస్తాడు" - ఈ వాక్యాన్ని సందర్భసహితంగా విశదీకరించండి.
3. సిగిరియా గోడపై పాత రాతలను కాపాడుతూ, కొత్తగా రాసినవారిని శిక్షించడం న్యాయమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
4. మీ కళాశాలలో మీరు కూర్చునే బల్లపై ఏయే రాతలు ఉన్నాయో పరిశీలించి, వాటి గురించి పది వాక్యాలు రాయండి.